ఎలా చేశావో అడుగు: ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీకు ఇంటర్న్‌షిప్‌కి జిల్లా పరిషత్ హైస్కూల్ వేశారనీ, ఏడో తరగతి లెక్కలు ఇచ్చారనీ చెప్పాడు. వాడి గొంతు వింటే నీకు ఉద్యోగమే వచ్చేసిందేమో అనిపించింది. "నాన్నగారు, తర్వాత నువ్వు, నీ తర్వాత ఇది" అన్నాడు. నాకూ సంతోషంగానే ఉంది. డిగ్రీ అయ్యాక నువ్వు బి.ఎడ్. చేస్తానంటే ఇంట్లో సగం మంది మొహం మాడ్చుకున్నారు. నువ్వు ఎవరి మాటా వినలేదు. ఆ మొండితనం నాకు నచ్చింది.

కానీ ఆ తర్వాత నువ్వు ఫోన్ తీసుకుని, "వారం రోజులు క్లాసు చూశానత్తా, ఏడో తరగతికొచ్చినా తీసివేతలు రావు వీళ్లకి, ఇంక దశాంశాలేం చెప్తాం" అని నవ్వావు చూడు, ఆ నవ్వుతో నా నిద్ర పోయింది. అది అచ్చం మీ తాతయ్య నవ్వు. అందుకే పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా రాయడానికి కూర్చున్నాను. ఫోన్లో చెప్తే "ఊఁ, ఊఁ" అంటావు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపిస్తావు. కాగితమైతే కనీసం బ్యాగులో ఉంటుంది.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. బెల్లు కొట్టడానికి పది నిమిషాల ముందే స్కూల్లో ఉండు. ఫోన్ బ్యాగులోనే ఉండనీ. రేపు ఏం చెప్పబోతున్నావో ఆ క్లాసు టీచర్‌కి ఇవాళే చెప్పు. పుస్తకం వెనక జవాబులు ఉన్నాయి కదా అని ధీమాగా వెళ్లకు, ప్రతి లెక్కా రాత్రే చేసి చూసుకో. బోర్డు చెరిపేముందు ఒకసారి వెనక్కి తిరిగి, రాసుకున్నారో లేదో చూడు. గొంతు చించుకోకు, నీళ్ల సీసా మర్చిపోకు. ఇవి నేను చెప్పకపోయినా రెండో రోజుకి నీకే తెలుస్తాయి.

ఇక లెసన్ ప్లాన్. మీకు లెక్కలు ఎలా చెప్పాలో నేర్పే మెథడ్ సార్ ఇచ్చిన నమూనా ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను. ఉన్ముఖీకరణ, అంటే పిల్లల మనసు పాఠం వైపు తిప్పడం, శీర్షిక ప్రకటన, సమర్పణ, నల్లబల్ల పని, పునర్విమర్శ, ఇంటిపని. పక్క గడిలో లక్ష్యాలు, స్పష్టీకరణలు. జర్మనీలో హెర్బార్ట్ అనే తత్వవేత్త శిష్యులు 19వ శతాబ్దంలో పాఠం చెప్పడానికి వేసిన మెట్లూ, 1956లో అమెరికాలో బ్లూమ్ బృందం చేసిన బోధన లక్ష్యాల వర్గీకరణా కలిసి, ఎన్నో చేతులు మారి మన రికార్డు పుస్తకాల్లోకి వచ్చాయి. నేను వాటిని వెక్కిరించను. ఆ గడులు నింపితే బుర్రలో ఒక వరస ఏర్పడుతుంది. నేను భయపడేది దించడం గురించే. సీనియర్ల రికార్డు తెచ్చి దించడం మా రోజుల్లోనూ ఉంది. మాతో చదివిన ఒకావిడ ఎంత శ్రద్ధగా దించిందంటే, కిందటేడు అమ్మాయి రాసుకున్న "హాజరు 38" కూడా దించేసింది. ఆ రోజు క్లాసులో ఉన్నది 22 మంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకుని, ఏమీ అనకుండా రికార్డు మూసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఏమీ అనకపోవడమే ఆవిడని ఎక్కువ ఏడిపించింది.

రికార్డు కోసం రాసేది నీటుగా రాసి సంతకం పెట్టించుకో. క్లాసులోకి తీసుకెళ్లడానికి మాత్రం ఒక అరఠావు కాగితం విడిగా పెట్టుకో. దాని మీద ఉండాల్సింది చాలా తక్కువ.

పైన ఒక్క వాక్యం: పీరియడ్ అయ్యేసరికి పిల్లలు ఏం చేసి చూపిస్తారు. "దశాంశ భిన్నాలపై అవగాహన పొందుతారు" అని రాయకు. అవగాహన పొందారో లేదో నువ్వెలా చూస్తావు? "0.5, 0.35 ఇస్తే ఏది పెద్దదో, ఎందుకో చెప్తారు" అని రాయి. ఇది కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది.

దాని కింద, వాళ్లు ఎక్కడ తప్పుతారో రాసుకో. దీన్ని ఏ నమూనాలోనూ పెట్టరు, నాకది ఎప్పటికీ అర్థం కాని విషయం. నువ్వు 0.5, 0.35 బోర్డు మీద రాసి ఏది పెద్దదని అడిగితే, సగం మంది 0.35 అంటారు. చూడు, అనకపోతే నాకు ఫోన్ చెయ్యి. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. 35 అంటే 5 కన్నా పెద్దదని ఒకటో తరగతి నుంచీ మనమే నేర్పాం, వాళ్లు మన మాటే మనకి అప్పజెప్తున్నారు. అప్పుడు "చివర సున్న పెట్టండి, 0.50 అవుతుంది, ఇప్పుడు చూడండి" అంటావు. జవాబు వచ్చేస్తుంది, క్లాసంతా తల ఊపుతుంది. మర్నాడు 0.7, 0.652 ఇస్తే మళ్లీ 0.652 అంటారు. అందుకని గ్రాఫ్ కాగితం మీద పదికి పది, నూరు గడుల చదరం గీయించు. అందులో ఐదు నిలువు వరసలకి రంగు వేయించు, పక్క చదరంలో 35 గడులకి వేయించు. నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు, వాళ్లే గొడవ మొదలుపెడతారు. మేమైతే అర్ధరూపాయీ ముప్పై అయిదు పైసలూ అని చెప్పేవాళ్లం. ఇప్పటి పిల్లలు పైస మొహమే చూడలేదు, టైలర్ టేపు పట్టుకెళ్లు.

కాగితం కింద, టైం చాలకపోతే ఏది వదిలేస్తావో పెన్సిల్‌తో చుక్క పెట్టుకో. 40 నిమిషాల పీరియడ్ అంటే నీ చేతికొచ్చేది 30 అనుకో. హాజరు, భోజనం లెక్క, ఎవరో తలుపు దగ్గరికొచ్చి సర్క్యులర్ చూపించడం, ఇవన్నీ పోను మిగిలేది అంతే. టైం తగ్గగానే కొత్త టీచర్లు చేసే పని ఒకటుంది. తాము చెప్పేది తగ్గించుకోరు, పిల్లలు చేసేది కోసేస్తారు. "మిగతాది ఇంటి దగ్గర చేసుకురండి" అంటారు. ఇంటి దగ్గర ఎవరున్నారమ్మా చెప్పడానికి? పొలానికో, చెరువు పనికో వెళ్లొచ్చి అలిసిపోయిన తల్లి, అంతే. కాబట్టి చుక్క నీ ఉపన్యాసం పక్కన పెట్టు.

ప్రశ్న అడిగాక ఆగు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసులు గమనించి చూస్తే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడే పిల్లల సంఖ్య పెరిగింది. మూడు సెకన్లే కదా అనుకుంటావు. 40 జతల కళ్లు నీ వైపు చూస్తుండగా ఆ మూడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో సోమవారం తెలుస్తుంది. మనసులో "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకో. నేను చీర కొంగు ముడి వేసి విప్పేదాన్ని, అదొక అలవాటయిపోయింది. మీ మామయ్య సినిమా హాల్లో కూడా చూసి నవ్వేవారు.

ఇప్పుడు మొదటేడు మీరు చేసిన మైక్రో టీచింగ్, అదే, చిన్న పాఠం చెప్పి సాధన చేయడం, గుర్తు తెచ్చుకో. 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు మళ్లీ ప్లాన్, 6 నిమిషాలు మళ్లీ బోధన, 6 నిమిషాలు మళ్లీ ఫీడ్‌బ్యాక్. మొత్తం 36. పరీక్షలో రాయడానికి అందరూ బట్టీ పడతారు గానీ, ఆ 36లో పెద్ద వాటా దేనికిచ్చారో ఒక్కరూ చూడరు. చెప్పడానికి కాదు, తప్పు పట్టడానికి కాదు. విన్నదాన్ని పట్టుకుని మళ్లీ సరిచేసుకోవడానికి ఇచ్చారు 12 నిమిషాలు. టీచర్ కాబోయే నీకు ఆ వీలు ఇచ్చారు. పన్నెండేళ్ల పిల్లవాడికి మనం ఇస్తున్నామా? నోటుబుక్కు దిద్ది, కట్ట లీడరు చేతికిచ్చి పంచమంటాం, "పేజీ 48 తియ్యండి" అంటాం. మనం రాత్రి కూర్చుని రాసిన ఎర్రగీతలు ఎవరికోసం మరి? అందుకని నీ అరఠావు కాగితంలో, పుస్తకాలు తిరిగిచ్చిన రోజు మొదటి ఎనిమిది నిమిషాలు "మళ్లీ చేసుకోవడం" అని రాసుకో. ఆ పుస్తకాలు వెనక్కిచ్చే విషయంలోనే నాకు నీ గురించి బెంగ.

మీ తాతయ్య గురించి నీకు తెలిసిందంతా సన్మాన సభల్లో విన్నదే. ఆయన దగ్గర చదివి ఇంజినీర్లయినవాళ్లు, బ్యాంకు మేనేజర్లయినవాళ్లు శాలువా కప్పి, "మాస్టారి తిట్లే మాకు దీవెనలు" అంటారు. అబద్ధం కాదది. పదో తరగతి పిల్లలకి తెల్లారగట్ల ఇంటి అరుగు మీద పైసా తీసుకోకుండా లెక్కలు చెప్పారాయన. చలికాలం పిల్లలకి మీ నాయనమ్మ కాఫీ కూడా పెట్టేది. కానీ సన్మానానికి వచ్చినవాళ్లే కదమ్మా మైకు పట్టుకునేది. రానివాళ్లలో ఒకడి గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను ఆయన కూతుర్నే కాదు, ఆయన క్లాసులో కూర్చున్నదాన్ని కూడా.

1972లో నాది ఎనిమిదో తరగతి. త్రైమాసిక పరీక్ష పేపర్లు ఇచ్చే రోజంటే క్లాసులో చీమ చిటుక్కుమనేది కాదు. నాన్నగారు పేపర్లని మార్కుల వరసలో పేర్చుకొచ్చేవారు, తక్కువ మార్కులవి పైన. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి, చేతికిచ్చేముందు ఒక చురక. చురకలు బాగుండేవి, అదే బాధ. రోజూ తయారుగా ఉండే మాటలు కావు, ఎవరికి తగ్గది వాళ్లకి అప్పటికప్పుడు పుట్టేది. అందరం నవ్వేవాళ్లం. పిలుపు ఆలస్యమవుతున్నకొద్దీ మన వంతు బాగున్నట్టు, కాబట్టి ఇంకా గట్టిగా నవ్వేవాళ్లం.

గోదావరి లంక నుంచి పడవ దాటి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. మాటా పలుకూ తక్కువ. ఆ రోజు అందరికన్నా ముందు వాడి పేరే పిలిచారు. వాడి పేపర్లో లాభనష్టాలు, వడ్డీ లెక్కలు అన్నిటికీ జవాబులు సరిగ్గా ఉన్నాయి. ఎక్కడా ఒక్క స్టెప్పు లేదు. నాన్నగారు సున్నా వేసి, పేపరు మీద అడ్డంగా "జవాబులు ఎవరివి?" అని ఎర్రసిరాతో రాశారు. క్లాసులో పైకి కూడా అన్నారు. "ఏరా, జవాబులు నీవేనా, గోదారి దాటొచ్చాయా?" క్లాసు ఎంతసేపు నవ్విందో. వాడు "నేనే చేశానండి" అన్నాడు. "అయితే రా, ఎలా చేశావో బోర్డు మీద చెయ్యి" అన్నారు. వాడు వెళ్లాడు. సుద్దముక్క పట్టుకుని కాసేపు నిలబడి, జవాబు రాశాడు. జవాబు ఒక్కటే. సరైన జవాబే. మళ్లీ నవ్వు. "వెళ్లి కూర్చో" అన్నారు నాన్నగారు.

ఆ ఆదివారం ఆయనతో సంచీ పట్టుకుని సంతకి వెళ్లాను. వంకాయలు కిలో 60 పైసలు. రెండుంపావు కిలోలు తూయించి రెండు రూపాయల నోటు ఇచ్చారు. తక్కెడ కింద పెట్టకముందే పక్కన కూర్చున్న పిల్లవాడు "రూపాయి ముప్పై అయిదండి" అని 65 పైసలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. తల ఎత్తి చూస్తే వాడే. నాన్నగారు కాసేపు అక్కడే నిలబడ్డారు. ఇంట్లో దొండకాయలు ఉన్నాయని తెలిసీ, కిలో 80 పైసల దొండకాయలు ముప్పావు కిలో ఇమ్మన్నారు. "అరవై" అన్నాడు వాడు, ఈసారి తల ఎత్తకుండా. అది బేరం కాదు, పరీక్ష అని నాకు తెలిసింది. వాడికీ తెలిసిందనే అనుకుంటాను. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. సోమవారం క్లాసులో ఏమైనా అంటారేమో అని చూశాను. వడ్డీ లెక్కల తర్వాతి పాఠం మొదలుపెట్టారు. సున్నా సున్నాలాగే ఉంది.

సంక్రాంతి తర్వాత వాడు బడికి రాలేదు. ఆ ఒక్క మాటకే మానేశాడని నేననను. లంకలో పని ఎక్కువై ఉండొచ్చు, పడవ డబ్బులకి ఇబ్బందై ఉండొచ్చు, ఆ రోజుల్లో మానేయడానికి వంద కారణాలు. కానీ ఉండిపోవడానికి ఒక కారణం మనం ఇవ్వచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాడి మనసులో ఏం జరిగిందో చూడు. రెండు కిలోలకి 120 పైసలు. పావు కిలోకి 15. రెండూ కలిపితే 135. ఇవి స్టెప్పులు కావా? విభాగ న్యాయం అని మనం బోర్డు మీద పేరు పెట్టి రాసేది దీన్నే. వాడికి రానిది లెక్క కాదు, మనసులో జరిగినదాన్ని కాగితం మీద పెట్టడం. అది రెండు పీరియడ్ల పని. పైగా నాన్నగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు, "ఎలా చేశావు" అని. కాకపోతే పోలీసు అడిగినట్టు అడిగారు. అదే ప్రశ్న వాడి బెంచీ దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని, నిజంగా తెలుసుకోవాలని అడిగుంటే వాడు చెప్పేవాడు. నలభై మంది నవ్వుతుండగా బోర్డు దగ్గర నువ్వైనా చెప్పలేవు, నేనైనా చెప్పలేను.

నాకు టీచర్ ఉద్యోగం వచ్చినప్పుడు నాన్నగారు ఇచ్చిన సలహా ఒక్కటే. "స్టెప్పులు లేని జవాబు కొట్టెయ్యకు, అడుగు" అన్నారు. ఎందుకన్నారో చెప్పలేదు, నేను తెలిసినట్టు కనబడలేదు.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, ఆ నాలుక మన ఇంట్లో అందరికీ ఉంది. మీ నాన్నకి ఉంది, నాకుంది, నీకైతే ఇంకాస్త పదునుగా ఉంది. మీ తమ్ముడికి ఎక్కాలు చెప్తూ నువ్వన్న మాటలు మేమంతా పండగలకి చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. వాడు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు, గమనించావా? కోపంతో అనే మాట పిల్లలు మర్చిపోతారు, చమత్కారంగా అన్న మాట క్లాసంతా కలిసి గుర్తు పెట్టుకుంటుంది, నిక్‌నేమ్ అయి కూర్చుంటుంది. విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, దాని 17వ సెక్షన్ తీసి చదువు. కొట్టకూడదన్న సంగతి అందరికీ తెలుసు. మానసికంగా వేధించకూడదని కూడా అదే వాక్యంలో ఉంది. స్టాఫ్ రూముల్లో బెత్తాలు మాయమయ్యాయి గానీ రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు.

తీసివేతలు రావని నవ్వావు కదా. రేపు 52 లోంచి 27 తీసెయ్యమని అడుగు. చాలామంది 35 అంటారు. నువ్వు ఇంటు పెట్టి 25 అని పక్కన రాస్తావు, నలభై పుస్తకాలూ అరగంటలో అయిపోతాయి. కానీ ఆ 35 రెండు దారుల్లో వస్తుంది. ఒకడు పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తాడు, పైనా కిందా అని చూసుకోడు: 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. ఇంకొకడు పది అప్పు తెచ్చుకుంటాడు, 12లోంచి 7 తీస్తాడు, 5 సరిగ్గా వస్తుంది. తెచ్చిన అప్పు పదుల స్థానంలో తగ్గించడం మర్చిపోతాడు: 5లోంచి 2 పోతే 3. ఇద్దరి పేపర్లోనూ 35. ఒకడికి స్థానవిలువలే తెలియవు, ఇంకొకడు దాదాపు ఒడ్డుకొచ్చేశాడు. ఇద్దరికీ అదే ఇంటు.

వేరు చెయ్యడానికి ఇంకో లెక్క చాలు. 54 లోంచి 27 అడుగు. మొదటివాడు 33 రాస్తాడు, రెండోవాడు 37. ఇలాంటి అంకెలు ముందే వెతికి పెట్టుకోవడమే అసలైన లెసన్ ప్లాన్, నన్నడిగితే. మొదటివాడికి అగ్గిపుల్లల కట్టలిచ్చి, "రెండు పుల్లల్లోంచి ఏడు తీసివ్వు" అను. కాసేపు చేతుల్లోకి చూసుకుని, కట్ట విప్పుతాడు. రెండోవాడి పుస్తకంలో "పది ఎవరి దగ్గర తెచ్చావు? వాళ్ల దగ్గర ఎంత మిగిలింది?" అని రాయి. జవాబు నువ్వు రాయకు, వాణ్ణి రాయనీ.

రాసేది తెలుగులో రాయి. ఇంగ్లిష్ మీడియం అని మొహమాటపడకు. సర్కారు పుస్తకాల్లోనే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వేసి ఇస్తుంటే, నీ ఒక్క లైను మాత్రం ఇంగ్లిష్‌లో ఎందుకు? "ఇంప్రూవ్", "బి కేర్‌ఫుల్" అని రాస్తే వాడికి తెలిసేది టీచర్‌కి కోపం వచ్చిందని, అంతే. "గుడ్" స్టాంపులు అమ్ముతారు, స్మైలీ స్టిక్కర్లు అమ్ముతారు, కొనుక్కో, చిన్న పిల్లలకి సరదా. దాని పక్కన ఏం బాగుందో మాత్రం నాలుగు మాటలు రాయి. "చదరం గీసి చూపించావు, అందుకే నమ్మాను" అని ఒకసారి రాసి చూడు, ఆ పిల్ల ఆ పుస్తకం ఇంట్లో ఎంతమందికి చూపిస్తుందో.

రోజూ నలభై పుస్తకాలూ దిద్దాలని పెట్టుకుంటే మూడో రోజుకే జ్వరం వస్తుంది. రోజుకి ఒక వరస పుస్తకాలు తీసుకో. ఒక్కొక్క పుస్తకంలో ఒక్క తప్పే ఎంచుకో, అన్నిటికన్నా ముందు సరిచేయాల్సింది. మిగతావి చూసీ చూడనట్టు వదిలెయ్యి. పేరెంట్స్ వచ్చి "తప్పులు దిద్దలేదేంటి" అంటే హెచ్ఎం గారి వైపు చూడకు, నువ్వే చెప్పు ఎందుకో.

మార్కుల సంగతి ఒకటుంది. 1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద ఒక అధ్యయనం చేసింది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చింది, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పని మెరుగ్గా చేశారు. రెండూ ఇచ్చినవాళ్లు మార్కులు మాత్రమే ఇచ్చినవాళ్లలాగే మిగిలారు. నాకిది చదవకముందే తెలుసు, నీకూ తెలుసు. నీ చిన్నప్పుడు నువ్వు పేపరు చేతికి రాగానే మార్కులు చూసి, పక్కదాని మార్కులు చూసి, మడిచి బ్యాగులో పెట్టేదానివి. మనకి ఏడాది మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల మార్కులు వేయక తప్పదు, స్లిప్ టెస్టు మార్కులు రిజిస్టర్‌లో ఎక్కాలి. ఎక్కించు. పేపరు మీద మాత్రం ఆ రోజు వెయ్యకు. వ్యాఖ్యతో ఇవ్వు, ఆ ఎనిమిది నిమిషాల్లో మళ్లీ చేయించు, మర్నాడు మార్కులు చెప్పు. పిల్లలు గోల చేస్తారు, రెండు వారాలకి అలవాటు పడతారు. ఇచ్చేటప్పుడు మార్కుల వరసలో మాత్రం ఇవ్వకు. కూర్చున్న వరసలో ఇవ్వు, లేదా కట్ట బల్ల మీద పెడితే వాళ్లే వచ్చి తీసుకుంటారు. ఈ ఒక్కటి నా కోసం.

1990ల మొదట్లో ఏపీపెప్ అని, ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్, ప్రాథమిక బడుల కోసం నడిచింది, బ్రిటన్ సాయంతో. ట్రైనింగుల్లో కొంత గోల ఉండేది, కాగితం పూలూ అట్టముక్కలూ అని మగ టీచర్లు విసుక్కునేవాళ్లు. కానీ పిల్లలు చేసిన పని గోడ మీద ఉండాలి అని వాళ్లు పెట్టిన సూత్రం మాత్రం నేను రిటైరయ్యేదాకా వదల్లేదు. గోడకి దారం కట్టి క్లిప్పులు పెట్టు. బాగా చేసినవాళ్లవే కాదు, తప్పు చేసి మళ్లీ సరిచేసినవి కూడా, రెండు కాగితాలూ పక్కపక్కన. పేరు పెట్టాలా వద్దా అన్నది ఆ పిల్లనే అడుగు.

మా కాలంలో బి.ఎడ్. ఏడాదే. టీచింగ్ ప్రాక్టీస్ ఇలా మొదలై అలా అయిపోయేది, పిల్లల పేర్లు నోటికి వచ్చేసరికి పరీక్షలు. 2015 నుంచి రెండేళ్లు చేశారు, ఇంటర్న్‌షిప్ నెలల తరబడి ఉంది. అందరూ ఏడుస్తున్నారు గానీ నువ్వు ఏడవకు. ఒక తప్పు సెప్టెంబర్‌లో చూసి నవంబర్‌లో అది పోయిందో లేదో చూసుకునే అదృష్టం మాకు లేదు.

మీ సార్ క్లాసు చూడ్డానికి వచ్చి అబ్జర్వేషన్ షీటులో "వాయిస్ తక్కువ", "బోర్డు పని మెరుగుపడాలి" అని రాసి వెళ్లిపోతారు. నీకు ఒళ్లు మండుతుంది. అప్పుడు మూతి ముడుచుకుని కూర్చోకుండా, ఆయన బైకు ఎక్కేలోపు వెళ్లి, "ఎక్కడ వినబడలేదు సార్, ఏ లెక్క దగ్గర?" అని మర్యాదగా అడుగు. చెప్తే రాసుకో. చెప్పలేకపోతే వెనక బెంచీ పిల్లల్ని అడుగు, వాళ్లు మొహమాటం లేకుండా చెప్తారు. ఆయన మీద కోపం నీ తర్వాతి పీరియడ్ పిల్లల మీదికి మాత్రం పోకూడదు. ఏదైనా అనేయాలనిపిస్తే బయటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి, నన్ను తిట్టు, నాకు అలవాటే. పగలు రెండు నుంచి నాలుగు దాకా కాస్త నడుం వాలుస్తాను గానీ నీ ఫోనైతే ఎత్తుతాను. రాత్రి తొమ్మిదిన్నర దాకా మెలకువగానే ఉంటాను.

అమ్మకి చెప్పు, బస్సులో తినే పులిహోర కాకుండా క్యారేజీ కట్టి పంపమని.

ప్రేమతో,
అత్తయ్య